చుట్టను జయించలేకపోయిన సమ్మోహన వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్

1923 ఫిబ్రవరిలో వియన్నా నగరంలో అరవై ఏడేళ్లు నిండవస్తున్న ఒక వైద్యుడు తన నోటిలో కుడివైపున తెల్లని పొర వంటి మచ్చ ఏర్పడినట్లు గమనించారు. స్వయంగా వైద్యుడు కనుక దాని అర్థం ఆయనకు తెలియనిది కాదు. అయినా సుమారు రెండు నెలలపాటు ఆ సంగతిని ఎవరి దగ్గరా ప్రస్తావించలేదు. చెబితే చుట్ట మానమంటారన్న భయమే ఆ మౌనానికి ప్రధాన కారణమని ఆయన జీవిత చరిత్రకారులు భావించారు. ఆ వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్. మనిషిని అతనికి తెలియని కోరికలే నడిపిస్తాయని లోకానికి చెప్పిన వ్యక్తి, తనకు బాగా తెలిసిన ఒక కోరికను మాత్రం కడదాకా అదుపు చేసుకోలేకపోయారు.

పొగ మానడానికి హిప్నాటిజం, అంటే సమ్మోహన చికిత్స, పనికివస్తుందా అని అడిగేవారు నేటికీ చాలామంది ఉన్నారు. ఒక్క పూటలో సిగరెట్ మాన్పిస్తామనే ప్రకటనలు మన నగరాలలోనూ కనిపిస్తుంటాయి. ఆ ప్రశ్నను పరిశీలించడానికి ఫ్రాయిడ్ జీవితం కన్నా తగిన ఉదాహరణ దొరకడం కష్టం. మనోవిశ్లేషణ శాస్త్ర స్థాపకుడిగానే ఆయన మనకు పరిచయం. కానీ ఆ శాస్త్రం పుట్టకముందు దాదాపు పదేళ్లపాటు ఆయన హిప్నాటిజంతో వైద్యం చేశారు. ఆ విద్యను ఆనాటి ఐరోపాలో పేరెన్నికగన్న ఆచార్యుల వద్దకు వెళ్లి, కళ్లారా చూసి నేర్చుకున్నారు. దానిని ఎందుకు విడిచిపెట్టారో కూడా వివరంగా రాసి ఉంచారు. చుట్టను ఎందుకు విడిచిపెట్టలేకపోయారో మాత్రం అంత వివరంగా రాయలేదు.

ఫ్రాయిడ్ 1856 మే 6న మొరావియా ప్రాంతంలోని ఫ్రైబెర్గ్ పట్టణంలో జన్మించారు. నేడు అది చెక్ రిపబ్లిక్‌లో ఉంది. తండ్రి యాకోబ్ ఉన్ని వ్యాపారి. వ్యాపారం దెబ్బతినడంతో ఆ యూదు కుటుంబం మొదట లైప్జిగ్‌కు, 1860లో వియన్నాకు తరలివెళ్లింది. చదువులో ముందుండే పెద్దకొడుకు మీదనే ఇంటివారి ఆశలన్నీ. 1873లో వియన్నా విశ్వవిద్యాలయంలో చేరిన ఫ్రాయిడ్, ప్రయోగశాలలో నాడీకణాల పరిశోధన మీద మక్కువతో ఆలస్యం చేసి, 1881లో వైద్యపట్టా అందుకున్నారు. పొగ తాగడం ఆయనకు ఇరవై నాలుగో ఏట మొదలైంది. మొదట సిగరెట్లు, కొద్దికాలానికే పూర్తిగా చుట్టలు. ఈ విషయంలో తండ్రే తనకు ఆదర్శమని తరువాతి కాలంలో ఆయన ఒక ప్రశ్నావళికి జవాబుగా రాశారు. తండ్రి విపరీతంగా పొగ తాగి కూడా ఎనభై ఏళ్లు బతికారు. పొగరాయుళ్ల ఇళ్లలో ఇటువంటి తాతో తండ్రో ఒకరు ఉండనే ఉంటారు. వైద్యుడు ఎన్ని లెక్కలు చెప్పినా ఆ ఒక్క ఉదాహరణే వారికి బలంగా కనిపిస్తుంది.

వ్యసనం ఎంత ప్రమాదకరమైనదో ఫ్రాయిడ్‌కు యవ్వనంలోనే, చాలా దగ్గరగా తెలిసింది. 1884లో ఆయన కోకా ఆకు నుంచి తీసిన కొకైన్ అనే కొత్త మందు మీద ఒక వ్యాసం ప్రచురించారు. తాను స్వయంగా వాడి చూసి, దాని గుణాలను ఉత్సాహంగా కొనియాడారు. ప్రయోగశాలలో ఆయనకు ఆత్మీయుడైన ఎర్నెస్ట్ ఫాన్ ఫ్లైషల్ మార్క్సో, బొటనవేలు తొలగించిన తరువాత మిగిలిన భరించలేని నొప్పికి మార్ఫిన్ వాడుతూ దానికి బానిసయ్యారు. మార్ఫిన్ మాన్పించడానికి కొకైన్ ఇవ్వవచ్చని ఫ్రాయిడ్ సలహా ఇచ్చారు. మిత్రుడు మార్ఫిన్‌కు తోడు కొకైన్‌కు కూడా బానిసయ్యారు. చిక్కి శల్యమై 1891లో కన్నుమూశారు. ఆ మందుకు కంటి శస్త్రచికిత్సలో స్పర్శ తెలియకుండా చేసే గుణం ఉందని కనిపెట్టిన కీర్తి మరో వియన్నా వైద్యుడు కార్ల్ కోలర్‌కు దక్కింది. ఫ్రాయిడ్‌కు మిగిలింది మిత్రుడి మరణం తాలూకు బరువు. ఒక వ్యసనాన్ని మరో పదార్థంతో తరిమివేయబోతే ఏమవుతుందో ఆయన కళ్లారా చూశారు.

1885 అక్టోబరులో ఉపకారవేతనం మీద ఆయన పారిస్ వెళ్లారు. అక్కడి సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో జాఁ మార్తాఁ షార్కో అప్పటి నాడీవైద్యులలో అగ్రగణ్యుడు. పక్షవాతం వచ్చినట్లు చేయి కదపలేని రోగులను షార్కో హిప్నాటిజంతో నిద్ర వంటి స్థితిలోకి తీసుకువెళ్లి, మాటతోనే ఆ చేతిని కదిలింపజేసేవారు. మాటతోనే బాగున్న చేయి పడిపోయేటట్లు కూడా చేసేవారు. నాడులలో ఏ లోపమూ లేకుండా, కేవలం మనసులోని ఒక తలంపు శరీరాన్ని ఇంతగా శాసించగలదా అన్న ఆశ్చర్యం ఫ్రాయిడ్ జీవితాన్నే మలుపు తిప్పింది. కొద్ది నెలలే గడిపిన ఆ ఆసుపత్రి ఆయనను జీవితాంతం వెంటాడింది. పెద్దకొడుక్కి షార్కో పేరే పెట్టుకున్నారు. రోగుల నడుమ షార్కో పాఠం చెబుతున్న చిత్రం నకలును తన చికిత్సాగదిలో వేలాడదీశారు.

హిప్నాటిజం అప్పటికి పూర్తిగా కొత్తదేమీ కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర ఫ్రాంజ్ మెస్మర్ దానిని ఒక అదృశ్య అయస్కాంత ప్రవాహంగా వర్ణించి అభాసుపాలయ్యారు. 1840 దశకంలో మాంచెస్టర్ శస్త్రవైద్యుడు జేమ్స్ బ్రెయిడ్ ఆ ప్రవాహం మాటను తోసిపుచ్చి, ఇది ఏకాగ్రతకు సంబంధించిన స్థితి అని వివరించి, నిద్ర అనే అర్థమున్న గ్రీకు పదం నుంచి నేటి పేరును ఖాయం చేశారు. మన దేశానికీ ఈ చరిత్రలో చోటుంది. బెంగాల్‌లోని హుగ్లీలో పనిచేసిన స్కాట్లండ్ వైద్యుడు జేమ్స్ ఎస్‌డెయిల్ 1845లో మత్తుమందు లేకుండా, మెస్మరిజంతోనే శస్త్రచికిత్సలు మొదలుపెట్టారు. మరుసటి ఏడాది కలకత్తాలో అందుకోసమే ఒక ఆసుపత్రి కూడా వెలిసింది. ఈథర్, క్లోరోఫామ్ రావడంతో ఆ పద్ధతి మరుగున పడింది.

1886 వసంతంలో ఫ్రాయిడ్ వియన్నాలో సొంత వైద్యశాల తెరిచారు. అదే ఏడాది మార్తా బెర్నేస్‌ను వివాహమాడారు. నరాల బలహీనత, భయాలు, కారణం తెలియని నొప్పులతో వచ్చేవారికి అప్పట్లో ఇచ్చే చికిత్స కరెంటు షాకులు, చన్నీటి స్నానాలు, విశ్రాంతి. వాటి వల్ల ఫలితం లేదని గ్రహించి 1887 చివర ఆయన హిప్నాటిజం చేపట్టారు. పద్ధతి క్లుప్తంగా ఇది. రోగిని నిశ్శబ్దమైన గదిలో కూర్చోబెట్టి, చూపును ఒకచోట నిలిపి, కనురెప్పలు బరువెక్కుతున్నాయని, నిద్ర కమ్ముకొస్తున్నదని మృదువుగా, ఒకే స్వరంతో చెబుతూ పోతారు. ఆ స్థితిలో ఉన్న రోగికి నొప్పి తగ్గిపోతుందని, భయం ఇక రాదని ఆదేశం వంటి సూచన ఇస్తారు. మేలుకున్న తరువాత కూడా ఆ సూచన పనిచేస్తుందన్నది సిద్ధాంతం. జూరిచ్‌లో ఆగస్ట్ ఫోరెల్ మద్యపానం మాన్పించడానికి ఈ విద్యనే వాడేవారు. ఫోరెల్ పుస్తకాన్ని 1889లో ఫ్రాయిడ్ వివరంగా సమీక్షించారు. అలవాట్లను మాన్పించే హిప్నాటిజం నాటి వైద్యుల చర్చలలో సుపరిచితమేనని దీనిని బట్టి తెలుస్తుంది.

చేతిలో విద్య ఉన్నా అది అందరిమీదా పనిచేయలేదు. కొందరు రోగులు ఎంతసేపు చెప్పినా నిద్రపోలేదు. నిద్ర వస్తోందని వైద్యుడు, రావడం లేదని రోగి, ఇలా వాదులాడుకోవడం ఆయనకు విసుగు పుట్టించింది. లోపం తన నైపుణ్యంలోనే ఉన్నదేమోనని 1889 వేసవిలో ఫ్రాన్స్‌లోని నాన్సీ పట్టణానికి వెళ్లారు. అక్కడ వృద్ధుడైన లియెబో అనే వైద్యుడు పేద కూలీ కుటుంబాల స్త్రీలకు, పిల్లలకు ఈ చికిత్స చేస్తున్న తీరు ఆయనను కదిలించింది. ఆచార్య బెర్న్‌హైమ్ ఆసుపత్రిలో చేసిన ప్రయోగాలు అబ్బురపరిచాయి. తన వద్ద ఎంతకీ గాఢస్థితికి చేరని ఒక సంపన్న మహిళను ఫ్రాయిడ్ వెంట తీసుకువెళ్లారు. బెర్న్‌హైమ్ పలుమార్లు ప్రయత్నించినా ఫలితం లేకపోయింది. అప్పుడు ఆ ఆచార్యుడు దాపరికం లేకుండా ఒక నిజం ఒప్పుకున్నారు. తన గొప్ప విజయాలన్నీ ధర్మాసుపత్రి రోగుల మీదనే తప్ప, ఫీజు చెల్లించి వచ్చేవారి మీద కాదని ఆయన చెప్పినట్లు ఫ్రాయిడ్ తన స్వీయకథలో నమోదు చేశారు. నా దృష్టిలో ఈ మొత్తం కథకు కీలకం ఇక్కడే ఉంది. మాట పనిచేసేది మాటలోని మంత్రబలంతో కాదు, చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య ఉన్న ఎక్కువ తక్కువల వల్ల, నమ్మకం వల్ల అన్న అనుమానానికి అక్కడే బీజం పడింది.

విజయాలు లేకపోలేదు. పురిటి తరువాత బిడ్డకు పాలివ్వలేక, తిన్నది ఇమడక బాధపడుతున్న ఒక తల్లికి రెండు పూటల సమ్మోహనంతో నయం చేసిన ఉదంతాన్ని ఆయన ప్రచురించారు. ఆమె నెలల తరబడి హాయిగా పాలిచ్చింది. అయితే తరువాతి కాన్పులో అదే బాధ మళ్లీ వచ్చింది, మళ్లీ ఫ్రాయిడ్ రావలసి వచ్చింది. మరో రోగి ఆయన దగ్గర కోలుకుని, కొంతకాలానికి తిరగబెట్టి, ఇంకో వైద్యుడి దగ్గర అదే తీరులో కోలుకుని మళ్లీ పడిపోయింది. వైద్యుడితో సఖ్యత చెడగానే నయమైన జబ్బు తిరిగి వచ్చేస్తోందని ఆయన గమనించారు. ఒకనాడు నిద్ర నుంచి లేచిన ఒక రోగి వైద్యుడి మెడ చుట్టూ చేతులు వేసింది. నౌకరు లోపలికి రావడంతో ఇబ్బంది తప్పింది. తన ఆకర్షణే ఇందుకు కారణమని భ్రమపడే రకం కాదు ఫ్రాయిడ్. హిప్నాటిజం వెనుక పనిచేస్తున్న రహస్యశక్తి ఈ బంధమేనని ఆయనకు తోచింది.

గురుతుల్యుడైన జోసెఫ్ బ్రాయర్‌తో కలిసి 1895లో వెలువరించిన హిస్టీరియా గ్రంథం నాటికి ఆయన దారి మళ్లింది. నిద్రపుచ్చడం మాని, కళ్లు మూసుకుని పడుకోబెట్టి, నుదుటి మీద చేయి నొక్కి, గుర్తుకొచ్చిందల్లా చెప్పమనేవారు. కొంతకాలానికి ఆ చేయి కూడా తీసేశారు. 1896 నాటికి ఆయన చికిత్సలో హిప్నాటిజం మిగల్లేదు, రోగి పడుకునే సోఫా ఒక్కటి తప్ప.

ఆ ఏళ్లన్నిటిలో చుట్ట మాత్రం ఆరలేదు. రోజుకు ఇరవై దాకా కాల్చేవారు. ఆస్ట్రియా ప్రభుత్వ పొగాకు సంస్థ తయారు చేసే ట్రాబుకో రకం చుట్టలు ఆయన నిత్యావసరం. 1893, 94 ప్రాంతంలో గుండె దడ, ఎడమ చేతికి పాకే నొప్పి, ఆయాసం మొదలయ్యాయి. బెర్లిన్‌లో ముక్కు, గొంతు వైద్యుడైన విల్‌హెల్మ్ ఫ్లీస్ ఆయనకు ఆప్తమిత్రుడు. పొగ మానితీరాలని ఫ్లీస్ కట్టడి చేశారు. ఫ్రాయిడ్ కొన్ని వారాలు మానారు. ఆ వారాల లేఖలలో దిగులు, మరణభయం, ఏ పనీ చేతకాని నిస్పృహ నిండి ఉన్నాయి. మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ తగ్గించారు, మళ్లీ పెంచారు. పొగ మానడానికి ప్రయత్నించినవారెవరైనా ఆ ఉత్తరాలలో తమను తాము గుర్తుపడతారు. చుట్ట లేనిదే రాయలేనని, తన శ్రమశక్తికీ ఆత్మనిగ్రహానికీ అదే ఆధారమని ఆయన నమ్మారు. నికోటిన్ లేని లోటువల్ల కలిగే చికాకును అదే నికోటిన్ తీర్చినప్పుడు మనిషికి అది శక్తిగానే తోస్తుంది. చుట్ట పొగకు క్షారగుణం ఎక్కువ. అందుకే దానిని ఊపిరితిత్తుల్లోకి పీల్చకపోయినా నోటి చర్మం నుంచే నికోటిన్ రక్తంలో కలుస్తుంది. ఈ సంగతి ఆయన కాలానికి స్పష్టంగా తెలియదు.

అయితే ఆయనకు తెలిసింది కూడా తక్కువేమీ కాదు. 1897 డిసెంబరులో ఫ్లీస్‌కు రాస్తూ, మద్యం, మార్ఫిన్, పొగాకు వంటి వ్యసనాలన్నీ బాల్యపు తొలి శారీరక అలవాటు ఒకదానికి ప్రత్యామ్నాయాలేనని ఒక ఊహ చేశారు. ఆ మరుసటి ఏడాది ప్రచురించిన వ్యాసంలో మరింత ఉపయోగకరమైన మాట చెప్పారు. మత్తుపదార్థాన్ని రోగి నుంచి లాగేసుకుని ఊరుకునే వైద్యం పైపై వైద్యమేనని, ఆ పదార్థం ఎందుకు అవసరమైందో కనిపెట్టనంతవరకూ అది నిలవదని ఆయన అభిప్రాయం. నూట పాతికేళ్ల తరువాత కూడా వ్యసన చికిత్సకులు కాదనలేని మాట ఇది. తన ట్రాబుకో విషయంలో మాత్రం ఆ కారణాన్వేషణకు ఆయన పూనుకున్నట్లు కనిపించదు. నోటి సుఖాల గురించి శిష్యులు ఎన్ని సిద్ధాంతాలు అల్లినా గురువుగారి చుట్ట జోలికి పోవడానికి జంకేవారు. కొన్నిసార్లు చుట్ట చుట్టేనని ఆయన అన్నట్లు ప్రచారంలో ఉన్న చమత్కారానికి ఆధారాలు లేవు. ఆయన మీద పుట్టిన కథలలో అది ఒకటి.

1902 నుంచి ప్రతి బుధవారం రాత్రి బెర్గాస్సే వీధిలోని 19వ నంబరు ఇంట్లో శిష్యులు సమావేశమయ్యేవారు. బల్ల మీద బూడిద గిన్నెలు అమర్చి ఉండేవి. గదిలో పొగ దట్టంగా కమ్ముకునేది. బహిరంగ ప్రదేశాలలో ధూమపానాన్ని 2008 అక్టోబరు 2 నుంచి నిషేధించేవరకూ మన దేశంలో వార్తా విభాగాల గదులూ ఇంచుమించు అలాగే ఉండేవి. ఆ పొగలో పని నేర్చుకున్న మా తరంవారికి ఆ బుధవారాలను ఊహించుకోవడం కష్టం కాదు. తమ్ముడి కొడుకైన పదిహేడేళ్ల కుర్రాడు ఒకసారి సిగరెట్ వద్దన్నందుకు ఫ్రాయిడ్ నొచ్చుకున్నారు. జీవితంలో ఇంత చౌకగా దొరికే గొప్ప సుఖాన్ని ఇప్పుడే కాదనుకుంటున్నందుకు జాలి కలుగుతోందని చెప్పారట. ఇంచుమించు ఆ కాలపు తెలుగు నాటకం కన్యాశుల్కంలో వెంకటేశానికి చుట్ట నేర్పి, దాని మహిమను పద్యంలో వినిపించిన గిరీశం ఇక్కడ గుర్తుకురాక మానడు. తేడా ఒక్కటే. గిరీశం మోసగాడు. ఫ్రాయిడ్ నిజంగానే నమ్మి చెప్పారు.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో చుట్టలు దొరకడం కష్టమైంది. 1917 నవంబరులో శిష్యుడు ఫెరెంజీకి రాసిన లేఖలో ఆయన ఒక విచిత్రమైన విషయం ప్రస్తావించారు. చుట్టలు అయిపోయిన రోజుల్లో మనసు చిరాకుగా ఉండి, అంగిట్లో నొప్పితో కూడిన వాపు కూడా కనిపించింది. ఒక రోగి చుట్టలు తెచ్చివ్వగానే ఒకటి వెలిగించారు. మనసు తేలికపడింది, వాపూ తగ్గింది. ఆయన దానిని హాస్యంగా రాసుకున్నారు. అయిదారేళ్ల తరువాత అదే అంగిట్లో ఏమి బయటపడిందో తెలిసిన మనకు అందులో హాస్యం కనిపించదు.

మరుసటి ఏడాది, 1918 సెప్టెంబరులో, బుడాపెస్ట్ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం హిప్నాటిజం చరిత్రలో గుర్తుంచుకోదగినది. మానసిక వైద్యం ధనవంతులకే పరిమితం కాకూడదని, ఏదో ఒకనాడు పేదలకు ఉచితంగా అందించే కేంద్రాలు వెలుస్తాయని ఆయన ఆశించారు. అప్పుడు విశ్లేషణ అనే మేలిమి బంగారంలో నేరుగా ఇచ్చే సూచన అనే రాగిని కలపక తప్పదని, హిప్నాటిజానికి కూడా మళ్లీ చోటు దొరకవచ్చని అంగీకరించారు. తాను ఇరవై ఏళ్ల క్రితం పక్కన పెట్టిన పనిముట్టును పూర్తిగా పనికిరానిదని ఆయన అనలేదు. ఒంటరిగా చాలదన్నారు, అంతే.

ఆ మాట ఎంతవరకు నిలిచింది? 1970లో అమెరికా మనోవైద్యుడు హెర్బర్ట్ స్పీగెల్ ఒకే పూట శిక్షణతో పొగ మాన్పించే హిప్నాటిజం పద్ధతిని ప్రచురించారు. పొగ శరీరానికి విషమని, బతకాలంటే శరీరం కావాలని, దానిని కాపాడుకోవడం మన బాధ్యతని ఆ స్థితిలో గ్రహింపజేసి, ఇంటివద్ద తనంతట తానే సాధన చేసుకునేలా నేర్పడం అందులోని సారం. ఆదేశించడం కన్నా నేర్పడానికే అందులో ప్రాధాన్యం. ఆ తరువాత అనేక పరిశోధనలు జరిగాయి. వైద్య పరిశోధనలను క్రోడీకరించి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2019లో ఈ అంశంపై 14 అధ్యయనాలను, అందులో పాల్గొన్న 1,926 మందిని పరిశీలించింది. ఇతర సలహా పద్ధతుల కన్నా, తమంతట తాము మానడం కన్నా హిప్నాటిజం మెరుగని చెప్పడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. హాని చేస్తుందనీ రుజువు కాలేదు. కొందరికి అది ఊరటనిస్తుంది, సంకల్పానికి తోడవుతుంది. నికోటిన్ బిళ్లలు, చూయింగ్ గమ్, పట్టీల విషయంలో మాత్రం ఆధారం గట్టిగా ఉంది. అవి మానగలిగే అవకాశాన్ని 50 నుంచి 60 శాతం పెంచుతాయని అదే సంస్థ నిర్ధారించింది. భారతదేశంలో 2016, 17లో జరిగిన సర్వే ప్రకారం వయోజనులలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. పొగ తాగేవారిలో సగానికి పైగా మానాలని అనుకుంటున్నవారే. సిగరెట్ పెట్టె మీద ముద్రించే 1800-11-2356 నంబరు అటువంటివారి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత సలహా కేంద్రానిది. ఒక్క పూటలో అద్భుతం చేస్తామనే ప్రకటనకు డబ్బు కట్టే ముందు ఆ నంబరుకు ఫోన్ చేయడానికి ఖర్చేమీ లేదు.

ఫ్రాయిడ్ కాలంలో ఆ సదుపాయాలేవీ లేవు. 1923 ఏప్రిల్‌లో హాయెక్ అనే వైద్యుడు ఒక ఆసుపత్రి ఔట్‌పేషెంట్ విభాగంలో ఆ మచ్చను కోసి తీశారు. విపరీతంగా రక్తస్రావమైంది. పిలుపుగంట పనిచేయలేదు. అదే గదిలో ఉన్న మరుగుజ్జు రోగి ఒకరు పరుగున వెళ్లి సహాయం తేకపోతే ఆయన ఆ పూటే చనిపోయేవారేమో. క్యాన్సర్ అన్న సంగతి వైద్యులు ఆయనకు చెప్పలేదు. సొంత వైద్యుడైన మిత్రుడు ఫెలిక్స్ డాయిచ్ కూడా దాచారు. జూన్‌లో నాలుగేళ్ల మనవడు క్షయతో మరణించాడు. ఆ దుఃఖం నుంచి ఫ్రాయిడ్ పూర్తిగా తేరుకోలేదు. అక్టోబరులో హాన్స్ పిఖ్లర్ అనే దవడ వైద్య నిపుణుడు రెండు పెద్ద శస్త్రచికిత్సలు చేసి, కుడివైపు పైదవడలో, అంగిలిలో చాలా భాగం తొలగించారు. నోటికీ ముక్కుకూ మధ్య అడ్డుగోడగా ఒక పెద్ద కృత్రిమ అమరిక పెట్టారు. ఇంట్లోవారు దానిని రాక్షసి అనేవారు. పెట్టుకుంటే ఒరుసుకుని పుండ్లు, తీస్తే మాట రాదు, మింగుడు పడదు. కుడి చెవి వినికిడి పోయింది. మాటనే వైద్యంగా మార్చిన వ్యక్తికి మాట్లాడటమే యాతనైంది. తరువాతి పదహారేళ్లలో ముప్పైకి పైగా శస్త్రచికిత్సలు జరిగాయి.

ఈ జబ్బు ఉత్తరాంధ్రవారికి కొత్త కాదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం తీరప్రాంతంలో వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు, అడ్డపొగ, ముఖ్యంగా స్త్రీలలో తరతరాలుగా ఉంది. ఆ వేడికీ పొగకూ అంగిలి మీద తెల్లని పొరలు ఏర్పడటం, వాటిలో కొన్ని క్యాన్సర్‌గా మారడం అక్కడి వైద్యులు ఎన్నో ఏళ్లుగా నమోదు చేస్తున్నారు. ఫ్రాయిడ్ కాల్చింది అడ్డపొగ కాదు. కానీ ఆయన నోటిలో మొదట కనిపించింది కూడా అటువంటి తెల్లని పొరే.

ప్రతి శస్త్రచికిత్స తరువాత వైద్యులు చుట్ట మానమనేవారు. కొత్తగా తెల్లపొర కనిపించినప్పుడల్లా ఆ మాటే చెప్పేవారు. 1930లో గుండె ఇబ్బంది పెట్టినప్పుడు ఆయన కొద్దికాలం మానారు. తేరుకున్నాక మళ్లీ ఒకటితో మొదలుపెట్టారు. 1929 నుంచి ఆయన వెంట ఉన్న వైద్యుడు మాక్స్ షూర్‌కు, నొప్పి తెలియనివ్వని మందులు మాత్రం వద్దని గట్టిగా చెప్పారు. ఆలోచన మసకబారడం కన్నా బాధలో స్పష్టంగా ఆలోచించడమే నయమన్నది ఆయన వాదన. మత్తు మీద అంత అదుపున్న మనిషికి నికోటిన్ మీద లేకపోవడం వింతగా తోస్తుంది. ఆయన దృష్టిలో మార్ఫిన్ ఆలోచనను చంపేది, చుట్ట ఆలోచనకు ఊపిరి పోసేది. అందుకే ఒకటి వ్యసనంగా, రెండోది పనిముట్టుగా కనిపించి ఉండవచ్చు.

ఇదే కాలంలో కలకత్తా నుంచి ఆయనకు ఒక కానుక అందింది. వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడే హిప్నాటిజం పట్ల ఆసక్తి పెంచుకుని, క్రమంగా మనోవిశ్లేషణ వైపు మళ్లిన గిరీంద్రశేఖర్ బోస్ 1922లో భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించారు. ఫ్రాయిడ్‌తో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపారు. తన సిద్ధాంతాలతో గౌరవంగానే విభేదించారు. ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. ఫ్రాయిడ్ 75వ జన్మదినానికి బోస్, ఆయన సహచరులు దంతంతో చెక్కిన విష్ణుమూర్తి ప్రతిమను పంపారు. ఫ్రాయిడ్ దానిని రాతబల్ల మీద, గ్రీకు, ఈజిప్టు దేవతల నడుమ నిలుపుకున్నారు.

1938 మార్చిలో హిట్లర్ సేనలు ఆస్ట్రియాను ఆక్రమించాయి. కూతురు అన్నాను గెస్టపో ఒక రోజంతా నిర్బంధించి విచారించాక, ఫ్రాయిడ్ వియన్నా విడిచేందుకు సమ్మతించారు. జూన్ 4న బయలుదేరి పారిస్ మీదుగా లండన్ చేరారు. వెనుక మిగిలిపోయిన నలుగురు చెల్లెళ్లు తరువాత నాజీ శిబిరాలలో మరణించారు. ఆ సెప్టెంబరులో పిఖ్లర్ లండన్ వచ్చి మరోసారి కోశారు. 1939 తొలి నెలల్లో తిరగబెట్టిన వ్రణం ఇక కోయడానికి వీలుకానిదని తేలింది. ఎముక కుళ్లి దుర్వాసన వేస్తుంటే, ఎంతో ఇష్టంగా పెంచుకున్న కుక్క కూడా దగ్గరకు రాలేదు. అప్పటికీ ఆస్పిరిన్‌తోనే సరిపెట్టుకున్నారు.

ఆయన ఆఖరున చదివిన పుస్తకం బాల్జాక్ నవల, మాయచర్మం కథ. తీరిన ప్రతి కోరికకూ ఆ చర్మం కొంత కుంచించుకుపోతుంది, దానితోపాటే యజమాని ఆయుష్షూ తగ్గుతుంది. ఇది తనకు తగిన పుస్తకమేనని ఆయన షూర్‌తో అన్నారు. సెప్టెంబరు 21న, సమయం వచ్చినప్పుడు అనవసరంగా బాధ పొడిగించనని మునుపు ఇచ్చిన మాటను షూర్‌కు గుర్తు చేశారు. అన్నాతో మాట్లాడమన్నారు. షూర్ మార్ఫిన్ ఇచ్చారు. 1939 సెప్టెంబరు 23న, ఎనభై మూడేళ్ల వయసులో సిగ్మండ్ ఫ్రాయిడ్ కన్నుమూశారు. ఆయన చితాభస్మాన్ని లండన్‌లోని గోల్డర్స్ గ్రీన్‌లో, తన సేకరణలోనిదే ఒక ప్రాచీన గ్రీకు కలశంలో ఉంచారు. మేర్స్‌ఫీల్డ్ గార్డెన్స్‌లోని ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. సోఫా, రాతబల్ల, దాని మీద ప్రతిమలు ఆయన విడిచివెళ్లినట్లే ఉన్నాయి.